చప్పుడు తక్కువుండే కెమెరా

కెమెరాల దుకాణంలో మధ్యాహ్నం. బల్ల మీద రెండు కొత్త కెమెరాలు: ఒకటి ఎర్ర పట్టీది, ఒకటి నీలం పట్టీది. బల్లకి ఇవతల ఆసుపత్రి ఫొటోగ్రాఫరు, అవతల దుకాణం అమ్మాయి.

“ఇంకోసారి నొక్కమ్మా. ఎర్ర పట్టీది.”

“ఇప్పటికి ఆరుసార్లు నొక్కా బాబాయ్‌గారూ. లోపల అద్దం లేచి పడాలి కదా, ఆమాత్రం చప్పుడు ఉంటుంది.”

“నీలంది?”

“కాస్త తక్కువ. అయినా చప్పుడుతో మీకేం పని? పక్షుల్ని తీస్తారా?”

“మనుషుల్నే. మేముండే గదిలో వేరే చప్పుడుండదు.”

“పుట్టిన పిల్లల్నా? ఆ వార్డా మీది?”

“అది పై అంతస్తు. నాది కింద.”

“కింద అంటే... శవాల గదా?”

“తమకోసం ఎవరూ రాని వాళ్లని తీస్తా. ఫొటో గోడకి అంటిస్తే ఎవరైనా గుర్తుపడతారని.”

“ముందే చెప్పొచ్చుగా! పరిగెత్తే పిల్లల్ని ఎలా పట్టుకుంటుందో అరగంట నుంచి ఊదరగొడుతున్నా.”

“బాగానే చెప్పావులే. మావాళ్లు బుద్ధిమంతులు, కదలరు.”

“అయితే మీకు ఏదైనా ఒకటే. ధరలో తేడా లేదు. ఎర్రది చేతికి బరువు తక్కువ. పైగా ముఖం కనబడితే చాలు, తెర మీద దాని చుట్టూ గడి గీస్తుంది.”

“వద్దు.”

“వద్దా? వచ్చినవాళ్లందరూ అదే అడుగు...”

“వద్దంటున్నాగా. ముఖాన్ని వెతికేది వద్దు. మాటలు చూపించేది అసలే వద్దు.”

“మాటలా?”

“మా పాత చిన్న కెమెరా చూపించేది. నొక్కగానే తెర మీద, ‘ఎవరో కళ్లు మూసుకున్నారు, మళ్లీ తీస్తారా?’ అని.”

“ఉంటుందండీ, వాటిల్లో... అయ్యబాబోయ్. మీ గదిలో అదా? ప్రతిసారీనా?”

“పదకొండేళ్లు. ప్రతి ఒక్కరికీ. ‘వద్దు’ నొక్కి పక్కవాళ్ల దగ్గరికి పోయేవాణ్ణి.”

“దాన్ని ఆపెయ్యొచ్చు బాబాయ్‌గారూ. సెట్టింగుల్లో ఉంటుంది.”

“తెలుసు. మొదట్లో నవ్వొచ్చేది, ఉంచా. తర్వాత అలవాటైపోయింది. అది అడగడం, నేను వద్దనడం. మీ పిన్నితో కన్నా దాంతోనే ఎక్కువ మాట్లాడుంటా.”

“మరి ఇప్పుడేమైంది? పాడైందా?”

“పాడైందనే ఆఫీసుకి రాసిచ్చా. నీలంది ఇంకోసారి నొక్కు.”

“నొక్కుతా. ఏం పాడైందో చెప్పండి, బాగుచేయించిస్తా.”

“మొన్న మంగళవారం ఒకాయన వచ్చాడు. మనిషికి నాలుగు తీయాలి, అది పద్ధతి. దూరం నుంచి ఒకటి తీశా, వచ్చింది మాట. దగ్గర నుంచి ఒకటి, వచ్చింది. నంబరు చీటీ గుండెల మీద పెట్టి మూడోది తీశా. రాలేదు.”

“దానికేనా? వెలుగు చాలకపోతే అలా తప్పుతుందండీ.”

“నేనూ అదే అనుకున్నా. నాలుగోది తీసి, ఆయన్ని పడుకోబెట్టిన ఐసు సొరుగు లోపలికి తోసి, భోజనానికి పోయా.”

“అంతేగా మరి.”

“సాయంత్రం కంప్యూటర్లోకి ఎక్కించి చూశా. మూడో ఫొటోలో కళ్లు తెరిచి ఉన్నాయి.”

“అమ్మో... డాక్టరు రాసిచ్చాకే కదా మీ దగ్గరికొచ్చేది?”

“రాసిచ్చాకే. అయినా పరిగెత్తుకెళ్లి సొరుగు లాగి చూశా. ఒళ్లు మంచుగడ్డ.”

“చూశారా! పోయినాయనే. పోయినవాళ్లకి ఒక్కోసారి రెప్పలు వాటంతటవే తెరుచుకుంటాయంటారు. మా తాతయ్యకీ అలాగే...”

“తెరుచుకుంటాయి. ఎంతమందిని చూడలేదు? కానీ తెరుచుకున్నవి మళ్లీ వాటంతటవే మూసుకోవు తల్లీ.”

“మూసుకున్నాయని ఎవరన్నారు?”

“నాలుగోదానికి కెమెరా మళ్లీ అడిగింది, ఎవరో కళ్లు మూసుకున్నారని. నేను ‘వద్దు’ నొక్కి సొరుగు తోసేశా.”