చివరి గుండీ

"ఆ మీసాల మేస్త్రి పనికి రమ్మని పీకల మీద కూర్చోకపోతే, నా తమ్ముడు ఆ రైలెక్కేవాడే కాదు," అన్నాడు దర్జీ, మరదలి వెంట స్టేషన్ గోదాములోకి అడుగుపెడుతూ. రెండు రైళ్లు ఢీకొన్న చోట దొరికిన బట్టల్ని, అయినవాళ్లు గుర్తుపట్టడానికి, ఉతికి అక్కడ తాళ్ల మీద ఆరేశారు. బయట రైలు వెళ్లినప్పుడల్లా చొక్కాలన్నీ ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బుతున్నాయి.

"చూడండి బావగారూ, అందరూ కలిసి ఎక్కడికో బయల్దేరినట్టు లేదూ?"

"గాలమ్మా. వట్టి గాలి."

"ఈ నీలం చొక్కా ఆయనదేనా?"

"కుట్టు నాదే. కానీ ఇలాంటివి సగం ఊరికి కుట్టాను."

"గిరాకీ మళ్లీ రావాలని చివరి గుండీ వదులుగా కుట్టి పంపుతారటగా మీరు. ఆయన చెప్పి చెప్పి నవ్వేవారు."

"అది బయటివాళ్లకి. వాడికి మాత్రం గట్టిగా కుట్టాను. ఎటు తిరిగినా ఇంటికే వస్తాడు కదా అని."

"అయితే లాగి చూడండి."

"నువ్వే లాగు తల్లీ."

"నాకు చేతులు రావట్లేదు."

అతను గుండీ పట్టుకుని లాగాడు. మళ్లీ లాగాడు. చొక్కా మొత్తం తాడు మీద జారుతూ అతని దగ్గరికి వచ్చేసింది.

"ఊడిందా బావగారూ?"

"లేదమ్మా."

ఆమె చొక్కా చేతిని మెల్లగా తన చేతిలోకి తీసుకుంది.

"గుమ్మం దగ్గర పోయినవి రాసుకునే గుమస్తా ఏం పోయిందని అడుగుతాడు. ఏం చెప్పను?"

"రెండుంబావు మీటర్ల నీలం గుడ్డ అని చెప్పు."