ఆరు గ్లాసులు, ఒక చొక్కా

ద్రాక్షతోట పక్కన వైన్ రుచి చూసే గది. పొద్దున్నే పని మొదలైంది. బల్ల మీద ఆరు గ్లాసులు, ఒక స్టీలు గిన్నె, రుచీ వాసనా రాసుకునే ఒక నోటు పుస్తకం. కూతురి ఉద్యోగం చూద్దామని తండ్రి బస్సెక్కి వచ్చాడు.

“అదేంటే, గిన్నెలో ఉమ్మేశావు? బాగాలేదా?”

“అమృతంలా ఉంది నాన్నా. అయినా ఉమ్మాల్సిందే. మింగుతూ పోతే నాలుగో గ్లాసుకి రుచి తెలియదు.”

“నాకు నాలుగో గ్లాసుకే తెలిసేది.”

“తెలుసులే.”

“ఈ పనికేనా నిన్ను అన్ని దేశాలు తిప్పారు?”

“అవును. ఒకచోట బీరు, ఇంకోచోట విస్కీ. వాసన చూసి, పీపాలో ఎన్నేళ్లుందో చెప్పేస్తాను.”

“ఇంత ముక్కు నీకెక్కణ్ణుంచి వచ్చిందే? మీ అమ్మకి పాలు మాడినా తెలియదు.”

“అందుకే నువ్వు ఇంటికి రాగానే అమ్మ నన్ను ముందు పంపేది. నీ చొక్కా వాసన చూసి, ఏం తాగావో, ఎంత తాగావో చెప్పేదాన్ని. ఆ ముక్కే ఇప్పుడు అన్నం పెడుతోంది.”

“అంటే అంతా నా చలవేనన్నమాట.”

“ఏదో మాటకి అన్నాను నాన్నా.”

“మానేసి రెండేళ్లయిందంటే మీ అమ్మ నమ్మింది. నువ్వు ఫోన్లో ‘ఊఁ’ అని ఊరుకున్నావు.”

“అంత దూరం నుంచి ఏం చెప్పను?”

“అందుకే వచ్చాను. ఇదిగో చొక్కా. చూసి చెప్పు.”

“ఎవరైనా చూస్తారు నాన్నా.”

“చూడనీ.”

“…సబ్బు. కలరా ఉండలు. బస్సు డీజిలు.”

“ఇంకా?”

“ఇంకేం లేదు.”

“గట్టిగా పీల్చి చెప్పు.”

“ఇంకేం లేదు నాన్నా.”

“అయితే ఆ పుస్తకంలో రాయి.”