తాడిచెట్టు గురి

పొద్దు వాలుతోంది. సముద్రపు ఒడ్డున కొట్టి పడేసిన తాడిచెట్టు పక్కన జగన్నాధం చెమట తుడుచుకుంటుంటే, రోజూ చేపలమ్మే దాలమ్మ ఒట్టి చేతులతో పరిగెత్తుకొచ్చింది.

"గంపేదే? కోనం చేప తెస్తానన్నావు!"

"సెట్టెందుకు కొట్టీసినావు బాబూ?"

"నా సెట్టు, నా ఇంటి దూలానికి. నీకేటే?"

"నా కొడుకు కోనాల ఏటకి లోతుకెల్లాడు. తిరిగొచ్చీటప్పుడు ఈ సెట్టుని ఆ ఎనకాల కొండతో వరస కలుపుకుంటేనే నీళ్ళలో రాళ్ళ మద్దిన దారి దొరుకుతాది. లేదంటే తెప్ప ముక్కలైపోతాది."

జగన్నాధం సముద్రం కేసి చూశాడు. ఆ నీళ్ళని అంత పరీక్షగా అతనెప్పుడూ చూడలేదు.

"ముందే సెప్పకపోనావా?"

"కొట్టీముందు నువ్వు సెప్పినావా?"

జగన్నాధం చుట్ట కోసం దాచుకున్న అగ్గిపెట్టె తీశాడు.

"పొగెడదాం. కళ్ళంలో గడ్డి మోసుకురా."

"అది నీ ఎడ్ల మేత బాబూ!"

"ఎడ్లకి అడుక్కొచ్చి ఏస్తాను. నడు."

"సెట్టు మొదలు కాడే ఎయ్యాల. పక్కన పొగ లేస్తే ఆడు తిన్నగా రాళ్ళ మీదకే వస్తాడు."

"పొగెందుకో ఆడికి తెలుస్తాదా?"

"సెట్టు కనపడక ఎతుకుతుంటాడు. తెలుస్తాది."

ఎండుగడ్డి మీద పచ్చి తాటాకులు కప్పారు. గాలి లేదు. పొగ నిట్టనిలువుగా లేచింది. దాలమ్మ సముద్రానికి వీపు పెట్టి కూలబడింది.

"నాను సూడలేను. తెరసాప ఎటున్నాది బాబూ?"

"రాళ్ళకేసే వస్తన్నాది... ఉండు... తిరిగినాదే! పొగకేసే తిరిగినాది."

అప్పటికీ దాలమ్మ వెనక్కి చూడలేదు.

"ఆడు ఒడ్డెక్కీదాకా గడ్డెయ్యడం ఆపకు బాబూ."