అట్ట ఎర్రగా ఉంటుందండీ

ఇట్రా తల్లీ, కూర్చో. ఏంటీ, రెండేళ్లు చదివిందంతా దండగంటావా? రేపు లైబ్రరీలో చేరాలంటే ఇవాళే వణుకా? మా లైబ్రరీ మేడం కూడా అచ్చం ఇంతే. పోయి పాతికేళ్లయింది పుణ్యాత్మురాలు. మెడల్ కొట్టిన మనిషి. నేనేమో ఏడో తరగతి తప్పిన అటెండర్ని; ఆవిడ రాకముందు అట్టల గుర్తు మీద పుస్తకాలు తీసిచ్చేది నేనే. అప్పట్లో నా జుట్టు చూడాలి నువ్వు... సర్లే, జుట్టు గొడవ ఇప్పుడెందుకు. వచ్చిన వారంలోనే పుస్తకాలన్నీ కిందకి దించేసిందమ్మా! ప్రతిదానికీ వీపు మీద నంబరు, నంబర్ల వరసలో బీరువాలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. సోమవారం తలుపు తీశాం. 'అమ్మా, కిటికీ పక్కన ఉండేదే, అట్ట ఎర్రగా ఉంటుందండీ' అన్నాడు రోజూ వచ్చే దర్జీ. 'రచయిత పేరు చెప్పండి' అంది ఈవిడ. 'నాకేం తెలుసు, నేను రాశానా?' అన్నాడాయన. ఇహ రోజూ అదే గోల. నెల తిరిగేసరికి వచ్చేవాళ్లు సగమయ్యారు. లైబ్రరీకి సెక్రటరీ ఒకడుండేవాడులే, ముక్కుతో మాట్లాడేవాడు. 'ఇంకో నెల చూస్తానమ్మా, తర్వాత నీ దారి నీది' అనేసి పోయాడు. పాపం, బీరువాల వెనక్కెళ్లి ఏడ్చింది. నాకు లోపల్లోపల సంతోషమే, అబద్ధమెందుకు! పెద్ద చదువులకి తిక్క కుదిరిందనుకున్నా. సిగ్గుచేటు.

కళ్లు తుడుచుకొచ్చి, 'బాబాయ్, వీళ్లకేం కావాలో నీకెలా తెలుస్తుంది?' అంది. బాబాయ్ అంది! అంతవరకూ నన్ను ఒరేయ్ అనని ఆఫీసరు లేడు. 'వాళ్ల గోడు వింటానమ్మా, అంతే' అన్నా. మర్నాటి నుంచి బల్ల వదిలేసి, గుమ్మం దగ్గర నా స్టూలెక్కి కూర్చుంది. ఎవరేమడిగితే అది, వాళ్ల మాటల్లోనే కార్డు మీద రాసేది. 'పిల్లాడు మట్టి తింటున్నాడు.' 'గోడ చెమ్మ ఆగట్లేదు.' కింద పుస్తకం నంబరు. నా ఆనవాళ్లు, ఆవిడ నంబర్లు కలిశాక పుస్తకం నిమిషంలో చేతికొచ్చేది. నేనొక్కణ్ణే ఉన్నప్పుడు పావుగంట తడుముకునేవాణ్ణిలే, ఎవరితోనూ అనకు. నెలాఖరుకి జనం మళ్లీ వచ్చారు. ఆవిడ ఉద్యోగం నిలిచింది.

చాలా ఏళ్లకి, లైబ్రరీ చదువు చెప్పే కాలేజీవాళ్లే ఆవిణ్ణి పాఠం చెప్పమని పిలిచారు. నన్నూ వెంటబెట్టుకెళ్లి క్లాసు ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. 'ఈయనకి ఏ పుస్తకం కావాలో కనుక్కోండి' అంది. ఏం అడగాలో తెలీక, 'నిద్ర పట్టట్లేదమ్మా' అన్నా. నిజమే, మీ నాయనమ్మ పోయి అప్పటికి మూణ్ణెల్లు. 'సబ్జెక్టేంటండీ? ఆరోగ్యమా?' అని ఒకటే ప్రశ్నలు. ఒకమ్మాయి మాత్రం కలం కింద పెట్టి, 'ఎప్పటినుంచి బాబాయ్?' అంది. అంతే, నలభైమంది ముందు భోరుమన్నా. మేడం క్లాసు వైపు తిరిగి, 'ఇదీ పాఠమే, రాసుకోండి' అంది.

ఆ అమ్మాయెవరనుకున్నావ్? మీ ప్రొఫెసరమ్మే. నిన్ను ఆవిడ దగ్గరే చేర్చాలని మీ నాన్నతో నెల్లాళ్లు ఊరికే పోట్లాడానా? ఎదుటివాణ్ణి ముందు ఏమడగాలో మీకు మొదటి రోజే చెప్పి ఉంటుందే... చెప్పిందా లేదా? మరి దండగంటావేం? సర్లే, ఆ ఫ్యాను కాస్త తగ్గించు.