జనవరి ఒకటి

వర్తూరులో తెలుగు కూలీల షెడ్ల ముందు కన్నడ పోలీసులు గుర్తింపు కార్డులు తనిఖీ చేస్తున్నారు. వరుసలో నిలబడిన ఒక తల్లీ, పదో తరగతి చదివే ఆమె కూతురూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. అడుగుతున్నది కూతురు.

“ఎప్పుడు పుట్టినావని అడిగితే ఏం చెప్తావు? ఇంగోసారి చెప్పు.”

“ఇందిరమ్మను కాల్చి చంపిన దినం.”

“అట్ల చెప్పొద్దంటి కదమ్మా.”

“మా యమ్మ అదే చెప్పేది. ఆ పొద్దు బస్సులన్నీ నిలిచిపోయినాయంట. ఆస్పత్రికి పోలేక రోడ్డు పక్కనే నన్ను కనింది.”

“అది ఎనభై నాలుగు, అక్టోబరు ముప్పై ఒకటి. మా సోషల్ పుస్తకంలో ఉండాది. నీ కార్డులో మాత్రం ఎనభై, జనవరి ఒకటి అని ఉండాది.”

“తేదీ తెలీనోళ్లందరికీ కార్డు రాసినాయన అదే ఏసినాడు. నేనేం చేసేది?”

“కార్డులో ఉండేదే చెప్పు. వేరే చెప్తే, నువ్వు ఈ దేశపుదానివే కాదంటారేమో.”

“జనవరి ఒకటి. జనవరి ఒకటి. పాపా, నాకు తల ఎత్తాలంటేనే భయమైతాంది. మన పక్క షెడ్డు చెన్నయ్యను ఆ పోలీసాయన కన్నడంలో ఏమడుగుతాండాడు?”

“ఏం లేదులే.”

“చెప్పు పాపా.”

“నీదీ జనవరి ఒకటేనా, మీ షెడ్లలో అందరూ ఒకే దినం పుట్టినారా అంటాండాడు.”

“చెన్నయ్య ఏమన్నాడు?”

“ఏదో చెప్పబోయినాడు. కార్డు తీసుకుని ఆయప్పను జీపు పక్కన నిలబెట్టినారు.”

“ఇంక మన ముందర ఎవురుండారు?”

“ఎవురూ లేరమ్మా.”