కిటికీ లేని గదిలో తాయిస్తో ఓడ ప్రయాణం

చిన్న సంగతే. తాయిస్తో తన ఓడ ప్రయాణం గురించి చెప్పాడు, సులో దానికి తన మాట ఒకటి కలిపాడు, అంతే. కాకపోతే తాయిస్తో సంగతి చెప్పాలంటే ముందు అతని తోడల్లుడు కౌకో సంగతి చెప్పాలి, కౌకో సంగతంటే అది అతని భార్య హిల్కా సంగతి, హిల్కా ఆ వారమంతా మొగుడితో మాట్లాడటం లేదు. మా ఊళ్ళో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోకపోతే మామూలుగా ఎవరికీ తెలియదు. మాట్లాడుకున్నా పెద్ద తేడా ఉండదు. కానీ హిల్కా దుకాణంలో కౌకో పక్కనే నిలబడి, "మా ఆయనకి కాఫీపొడి కావాలేమో కాస్త అడిగి చూడండి" అని కొట్టు ఆవిడతో అంది. దాంతో ఊరికంతా తెలిసింది.

గొడవ ఓడ గురించి. జూన్‌లో మా వైపు తుర్కు రేవు నుంచి సముద్రం అవతల స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌కి ఓడలో వెళ్ళి రావాలని ఇద్దరూ అనుకున్నారు. చేతిలో ఉన్న డబ్బుకి పాత ఓడలో కిటికీ ఉన్న గది వస్తుంది, లేదా కొత్త ఓడలో కార్లు నిలిపే అంతస్తుకి కింద, కిటికీ లేని గది వస్తుంది. కౌకోకి కొత్త ఓడ కావాలి. దాని ఇంజన్ల గురించి పేపర్లో చదివాడు, చదివిన ముక్క కత్తిరించి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. హిల్కాకి కిటికీ కావాలి. ఆవిడ ఉద్యోగమంతా ఆస్పత్రి నేలమాళిగలో దుప్పట్లు ఉతకడంతో గడిచింది. ఆ గదికి కిటికీ లేదు. "సెలవుకి కూడా నేలమాళిగకే తీసుకెళ్తావా" అని ఒక్కసారి అడిగింది. తర్వాత నోరు మూసేసింది. సోమవారం పొద్దున్నే ఫోన్ చేసి ఏదో ఒక గది ఖాయం చేసుకోవాలి. లేకపోతే ఆ ధరకి రెండూ దొరకవు.

అది శనివారం. శనివారం సాయంత్రం ఊరి ఆవిరి స్నానాల సౌనాలో ముందు మగవాళ్ళ వంతు, తర్వాత ఆడవాళ్ళ వంతు. మేం లోపల ఆవిరిలో ఉడికి, తువ్వాళ్ళు చుట్టుకుని బయట వసారాలో చల్లబడుతున్నాం. సులో నిప్పుల మీద సాసేజిలు తిప్పుతున్నాడు. సులో మాట్లాడే మనిషి కాదు. వాడి పెళ్ళిలో పాస్టరు గారు 'ఒప్పుకుంటావా' అని రెండోసారి అడగాల్సి వచ్చింది. వసారాకి ఓ పక్క చెక్క పలకల గోడ ఉంది. దాని వెనకాల బల్ల మీద ఆడవాళ్ళు తమ వంతు కోసం కూర్చుంటారు. ఆ గోడ చూపుని ఆపుతుంది గానీ మాటని ఆపదు. ఈ విషయం తోడల్లుళ్ళిద్దరికీ తప్ప అందరికీ తెలుసు.

"కిటికీ దేనికి తమ్ముడూ," అన్నాడు తాయిస్తో, బీరు సీసా మూత తీస్తూ. "కిటికీలోంచి ఏం కనబడుతుంది, నీళ్ళు. మన బావిలో లేవా నీళ్ళు? ఓడ మంచిదై ఉండాలి. రెండు ముక్కల్లో చెప్తా విను, సాసేజి కాలేలోపు అయిపోతుంది. మొన్న ఫిబ్రవరిలో నేను ఆ కొత్త ఓడే ఎక్కాను కదా, ఎక్కేముందు రేవులో చేపల సూపు తాగాను, ఆ సూపులో సాల్మన్ ముక్క ఎంతుందంటే, గిన్నెకి అటు తల ఇటు తోక..."

"గది సంగతి చెప్పన్నయ్యా," అన్నాడు కౌకో.

"గది దగ్గరికే వస్తున్నా. అడుగున గది. మెట్లు దిగుతూ ఉంటే చెవులు మూసుకుపోయాయి, అంత లోతు. ఆ రాత్రి తుఫాను. పైన కిటికీ గదుల వాళ్ళంతా వాంతులకి బకెట్లు పట్టుకుని కూర్చున్నారు, నేను మాత్రం కప్పు నిండా కాఫీ పోసుకుని బొజ్జ మీద పెట్టుకు పడుకున్నాను, చుక్క తొణకలేదు. ఎందుకో తెలుసా? ఓడకి పైభాగమే ఊగుతుంది. అడుగు ఊగదు."

"అసలు ఊగదా?"

"ఊగుతుంది, ఉయ్యాలంత. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోడకి చెవి ఆనించాను. ఇవతల నేను, అవతల సముద్రం, మధ్యలో ఓ రేకు. హెర్రింగ్ చేపలు గుంపుగా పోతూ రేకుకి తగులుతున్నాయి, టిక్కు టిక్కుమని. కాసేపు విన్నాక నాకు లెక్క తెలిసిపోయింది. లావు చేప తగిలితే అటు లోతు, బక్క చేప తగిలితే అటు రాయి. ఇంతలో తలుపు కొట్టారు. ఎవరనుకున్నావు?"

"చేపేనా?" అన్నాను నేను.

"నువ్వు నోరు మూసుకో. కెప్టెను. ఇంటి చెప్పులతో వచ్చాడు పాపం, మొహంలో నెత్తురు చుక్క లేదు. రాడార్ పోయిందట. 'తాయిస్తో గారూ, అడుగున ఉన్నది మీరొక్కరే, మీకేమన్నా వినబడుతోందా' అన్నాడు. సరే, పడుకునే ఓడ నడిపించాను. కుడికి తిప్పాలంటే గొట్టం మీద చెంచాతో ఒక దెబ్బ, ఎడమకి రెండు. ఓలాండ్ దీవుల మధ్యనుంచి సూదిలో దారం దూర్చినట్టు తీసుకుపోయాను."

కౌకో ముందుకి వంగాడు. తువ్వాలు జారుతున్నా చూసుకోలేదు. గోడ అవతల అప్పటిదాకా వినబడుతున్న ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి.

"తీసుకుపోతే ఏమైందో తెలుసా? మంచు. సముద్రం గడ్డకట్టి ఓడ ఇరుక్కుపోయింది. కెప్టెనుకి ఏడుపొక్కటే తక్కువ. నేను ఓడలో సౌనా ఎక్కడుందని అడిగాను. పొయ్యి ఎర్రగా అయ్యేదాకా కాల్చి, తలుపు తీసి పెట్టి, రాళ్ళ మీద ఒక్క బిందె నీళ్ళు చల్లాను. ఆవిరి ఓడ ముక్కులోంచి బయటికి తన్నుకుపోయింది తమ్ముడూ, స్టాక్‌హోమ్ దాకా మంచు వెన్నలా కరిగి దారి ఇచ్చింది. మాకంటే ముందే ఆ ఆవిరి అక్కడికి చేరిందట. రేవులో స్వీడన్ వాళ్ళు కోట్లు విప్పేసి, చొక్కాలతో నిలబడి చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళ మేయరు వచ్చి, మా ఊళ్ళోనే ఉండిపోండి, ఒక చిన్న దీవి రాసిస్తాం అన్నాడు. చిన్నదైతే మా ఆవిడ హెల్వి ఒప్పుకోదన్నాను."

"ఇవన్నీ కిటికీ లేకుండానే," అన్నాడు కౌకో.

"కిటికీ ఉంటే ఆ కిటికీ చూస్తూ కూర్చునేవాణ్ణి. లోకం ఈ లాభం పోగొట్టుకునేది."

కౌకో నిటారుగా కూర్చున్నాడు. "ఐతే కొత్త ఓడే ఖాయం చేస్తాను. హిల్కా రెండు రోజులు మూతి ముడుచుకుంటుంది, అంతే కదా." ఏదో గుర్తొచ్చి సులో వైపు తిరిగాడు. "ఒరే సులో, ఫిబ్రవరిలో నువ్వూ మీ ఆవిడా ఆ ఓడే ఎక్కారు కదా. ఎలా ఉంది?"

సులో సాసేజి తిప్పాడు.

"తెలీదు. బయల్దేరలేదు."

"ఏది బయల్దేరలేదు?"

"ఓడ. తుఫాను కదా. తుర్కులోనే కట్టేసి ఉంచారు. మైకులో రెండు భాషల్లో చెప్పారు. మాకు కిటికీ గది. రాత్రంతా రేవులో సాసేజి బండి కనబడింది." సులో ఊపిరి తీసుకున్నాడు. ఇన్ని మాటలు వాడికి అలవాటు లేని పని. "తాయిస్తో చెవుల్లో దూది పెట్టుకుని కింద పడుకున్నాడు. పొద్దున్న అందర్నీ ఇంటికి పొమ్మన్నారు. తాయిస్తో లైఫ్ జాకెట్ తొడుక్కుని, గోడలు పట్టుకుంటూ బయటికొచ్చాడు. చేతిలో బకెట్ ఉంది."

"కట్టేసిన ఓడలోనా?" అన్నాను.

"కట్టేసిన ఓడలోనే. టికెట్ల ఆవిడని స్వీడిష్‌లో అడిగాడు, రాజుగారి కోట ఎటు అని. తుర్కులో ఆ భాషా వచ్చు కదా, ఆవిడ స్వీడిష్‌లోనే చెప్పింది. తుర్కులోనూ ఒక కోట ఉంది కదా, దానికి దారి చూపించింది. వెళ్ళి చూసొచ్చాడు. తర్వాత బజారులో టోపీ కొన్నాడు. బస్టాండులో మన ఊరి బస్సు నడిపే రెయినో కనబడితే, 'నువ్వు స్వీడన్ ఎప్పుడొచ్చావు రెయినో' అని అడిగాడు."

ఎవరూ నవ్వలేదు. మా ఊళ్ళో అలాంటప్పుడు నవ్వరు, బీరు కాస్త నెమ్మదిగా తాగుతారు. తాయిస్తో తన కాలి వేళ్ళు చూసుకుంటున్నాడు.

"ఇంతకాలం చెప్పలేదేంరా సులో?" అన్నాడు కౌకో.

"ఎవరూ అడగలేదు."

గోడ అవతలినుంచి హెల్వి గొంతు వచ్చింది. "స్వీడన్ టోపీ అని చర్చిలో మూడు వరసల వాళ్ళకి చూపించాను. పాస్టరు గారు పట్టుకుని కూడా చూశారు."

"ఉన్ని మాత్రం మంచిదే హెల్వీ," అన్నాడు తాయిస్తో గోడతో.

అప్పుడు హిల్కా మాట్లాడింది. మొగుడితో వారం తర్వాత అదే మొదటి మాట. "కౌకో, ఓడ కదిలిందో లేదో నాకు తెలియాలి."

కౌకో జేబులో పేపరు ముక్క తీసుకుందామని చూశాడు. తువ్వాలుకి జేబు లేదు.

సోమవారం ఫోన్ చేసింది హిల్కా. హిల్కా, హెల్వి అక్కచెల్లెళ్ళిద్దరూ సగం సగం వేసుకుని పాత ఓడలో కిటికీ గది తీసుకున్నారు. హిల్కా వాళ్ళ డబ్బులో మిగిలిన సగానికి తాయిస్తో సగం కలిపి, కౌకో కోసం కొత్త ఓడలో అడుగు గది ఖాయం చేశారు. గదిలో రెండో మంచం తాయిస్తోది. కౌకోని ఈ విషయంలో ఎవరూ అడగలేదు. రెండు ఓడలూ ఒకే సాయంత్రం, గంట తేడాతో బయల్దేరాయి.

హిల్కా కోటు కూడా విప్పకుండా కిటికీ దగ్గర కూర్చుంది. మా వైపు జూన్‌లో రాత్రి కూడా చీకటి పడదు కాబట్టి దీవులన్నీ కనబడ్డాయి. ఎలా ఉన్నాయని నేను అడిగితే, "చాలా ఉన్నాయి" అంది. ఆవిడ లెక్కలో అది పెద్ద పొగడ్త.

కొత్త ఓడ కూడా పొద్దున్నే స్టాక్‌హోమ్ చేరింది. తాయిస్తో నమ్మలేదు, ఓడ ఇంకా తుర్కులోనే ఉందన్నాడు. కౌకో పైకి వెళ్ళి చూసొచ్చి చెప్పినా నమ్మలేదు, తనని ఇంకోసారి మోసం చెయ్యలేరన్నాడు. అన్నయ్యని ఒక్కణ్ణీ వదిలి దిగడం బాగుండదని కౌకో కూడా మంచం మీద కూర్చుండిపోయాడు. హిల్కా, హెల్వి రేవులో కాఫీ తాగుతూ వాళ్ళ కోసం కాసేపు చూసి, ఊళ్ళోకి వెళ్ళారు.