తొమ్మిదో వరస నిండిందని చెప్పాను

నా పేరు వెర్నా స్ట్రోబెల్. వయసు అరవై ఒకటి. చనిపోయిన ఓరిన్ స్ట్రోబెల్ భార్యను. ఒహాయోలో లిమా ఊరి బయట మూన్‌ఫీల్డ్ డ్రైవ్-ఇన్ సినిమా మాది. అక్కడ తినుబండారాల కొట్టు నేను చూసుకునేదాన్ని. 1985 మే పద్నాలుగు, మంగళవారం జరిగినది పోలీసు డిప్యూటీ ప్రూయిట్ గారి ముందు చెబుతున్నాను. ఆ రోజు ఆయనతో, మా ఆయన కాలు జారి పడ్డాడన్నాను. అది పూర్తి నిజం కాదు.

మా కాపురం తెర లోపలే. బయటివాళ్లకు అది అరవై అడుగుల తెల్లగోడ. దాని వెనక వైపు మా వంటగది, పైన పడకగది. 1949లో తెరిచాం. కార్లు వరసలు కట్టి తెరకెదురుగా ఆగేవి. కిటికీకి స్పీకరు తగిలించుకుని కార్లోనే కూర్చుని చూసేవాళ్లు. పిల్లలకు ఇంటి దగ్గరే పడుకునే బట్టలు తొడిగి తెచ్చేవాళ్లు. తర్వాత ఇళ్లల్లోకి టీవీలొచ్చాయి. వేసవిలో గడియారాలు గంట ముందుకు జరపాలని ప్రభుత్వం చట్టం చేసింది, దాంతో చీకటి గంట ఆలస్యమైంది. చీకటిపడి బొమ్మ మొదలయ్యేసరికి పిల్లలు నిద్రపోయేవాళ్లు. రెండేళ్ల కిందట మూసేశాం. వరసల్లో గడ్డి మొలిచింది.

మూసేసిన సంగతి ఓరిన్‌కు గుర్తుండేది కాదు. జ్ఞాపకం పోతోందని డాక్టరు చెప్పాడు. ఎన్ని బళ్లొచ్చాయని రోజూ అడిగేవాడు. మొదట్లో నిజం చెప్పేదాన్ని. రోజూ కొత్తగా విన్నట్టే ఏడ్చేవాడు. అందుకని అబద్ధం మొదలుపెట్టాను. పది అనేదాన్ని, ఇరవై అనేదాన్ని.

ఆ మంగళవారం సాయంత్రం నాలుగున్నరకు సూప్ ముందుపెట్టాను. ముట్టలేదు.

"ఎన్నొచ్చాయే?" అన్నాడు.

నాకు ఓపిక లేదు. "అన్నీ నిండాయి. ముందు తాగు."

"ఆఖరున ఉన్న తొమ్మిదో వరస కూడానా?"

"తొమ్మిదో వరస కూడా నిండిందయ్యా. చల్లారిపోతోంది, తాగు."

"అంతమంది వచ్చారా! తెర చూడు, రంగు వెలిసి ఎలా ఉందో. పరువు పోదూ?"

నేను నవ్వాను. నవ్వి, గిన్నెలు కడగడానికి అటు తిరిగాను. నవ్వానని కూడా రాసుకోండి.

ఐదుకు పది నిమిషాలుందనగా చూస్తే కుర్చీలో లేడు. తెర ముందుకు పరిగెత్తాను. ఏటా వసంతంలో తెరకు రంగు వేయడానికి ఎక్కి నిలబడే చెక్క పలక తాళ్ల మీద పైఅంచు దగ్గర వేలాడుతోంది. దాని మీద నిలబడి ఉన్నాడు.

"దిగవయ్యా, నీకు పుణ్యముంటుంది!" అని అరిచాను.

నా వైపు చూడలేదు. నా వెనక ఉన్న మైదానాన్ని చూస్తున్నాడు. కుంచె పట్టుకున్న చేత్తోనే ఒక్కో వరసా చూపిస్తూ లెక్కపెడుతున్నాడు. చివరి వరస దగ్గర ఆ చెయ్యి ఆగింది. బాగా తెలిసినవాళ్లు కనబడినట్టు ముఖం విప్పారింది. తాడు పట్టుకున్న రెండో చెయ్యి వదిలి, ఊపాడు.

అక్కడ ఎవరైనా ఉన్నారా అని ప్రూయిట్ గారు రెండుసార్లు అడిగారు. లేరు. ఒక్క కారు కూడా లేదు. గడ్డి ఉంది, స్పీకర్ల స్తంభాలున్నాయి. కానీ ఆయన చెయ్యి ఊపగానే నేను వెనక్కి తిరిగాను. తిరిగేసరికి నా చెయ్యి కూడా పైకి లేచి ఉంది. అందుకే ఆయన పడటం నేను చూడలేదు. చప్పుడు విన్నాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఎవరూ నాచేత చెప్పించలేదు. నాకు తెలిసినంతలో ఇదే నిజం.

(సంతకం) వెర్నా స్ట్రోబెల్